గడ్డ పెరిగిందా, చూపు పెరిగిందా?

(కోయిలకుంట్లలో ఒక వైద్యుని స్మృత్యర్థం ఇచ్చిన ఉపన్యాసం, అచ్చు కోసం కొద్దిగా సవరించినది)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన గురించి ముందు మాట్లాడినవారు చాలా చెప్పారు. హస్తవాసి గురించి, ఫీజు గట్టిగా అడగలేని మొహమాటం గురించి. నేను ఒక్క సంగతి కలుపుతాను. ఎవరైనా పోయినప్పుడు చీటీలో కారణం రాయాల్సిన చోట, తనకు తెలియకపోతే ఆయన ‘తెలియలేదు’ అనే రాసేవారు. ‘గుండెపోటు అని రాసేయండి సార్, మా పని అయిపోతుంది’ అని బంధువులు బతిమాలినా వినేవారు కాదు. అప్పట్లో జనం దాన్ని మొండితనం అన్నారు. నేనివ్వాళ చెప్పబోయేదానికి ఆ మొండితనంతో చాలా సంబంధం ఉంది.

నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న ఇది. ‘వయసులో ఉన్నవాళ్లు ఉన్నట్టుండి కూలిపోతున్నారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందంటున్నారు. మా జేజి కాలంలో ఈ మాటే లేదు. ఇది కొత్త జబ్బా? పెరుగుతోందా? ఎందుకు?’ మొదటిదానికి జవాబు సులువు. కొత్తది కాదు. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1846కూ 1856కూ మధ్య దీని నడక మొత్తం తేల్చి చెప్పాడు. మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఈ కోయిలకుంట్లలో ఉరితీసిన 1847 కూడా ఆ పదేళ్లలోదే. అంటే జబ్బు ఏమిటో లోకానికి తెలిసి నూట డెబ్బై ఏళ్లు దాటింది.

నడక ఇలా ఉంటుంది. కాలి లోపల, కండరాల మధ్య ఉండే పెద్ద సిరలో రక్తం కదలక నిలిచిపోతుంది, లేదా సిర గోడకు దెబ్బ తగులుతుంది, లేదా రక్తమే గడ్డకట్టే గుణం ఎక్కువ చేసుకుంటుంది. ఈ మూడింటిలో ఒకటి చాలు, రెండు కలిస్తే మరీ తేలిక. అక్కడ పుట్టిన గడ్డ ఒకనాడు ఊడి, పైకి కొట్టుకుపోయి, గుండె కుడి గదుల గుండా ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలో ఇరుక్కుంటుంది. చిన్నదైతే ఊపిరి తీసినప్పుడు పక్కలో పోటు, కాస్త ఆయాసం. పెద్దదైతే బాత్రూముకని లేచిన మనిషి అక్కడే పడిపోతాడు. డాక్టర్లు దీన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారు, పొట్టిగా పీఈ. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం గుండెపోటు అనే అంటారు. పడిపోయిన తీరు అలాగే ఉంటుంది మరి.

ఇక పెరుగుతోందా అన్న మాట. ఒక జబ్బు లెక్క పెరగడానికి రెండు దారులున్నాయి. నిజంగా జబ్బే పెరగవచ్చు. లేదా జబ్బు ఉన్నంతే ఉండి, దాన్ని పట్టుకునే చూపు పెరగవచ్చు. కుందూలో వల కన్ను చిన్నది చేస్తే చేపలు ఎక్కువ పడతాయి. ఏట్లో చేపలు పెరిగినట్టు కాదు. రెండు దారులకూ చరిత్రలో చక్కటి ఉదాహరణలున్నాయి.

మొదటిది లండన్. 1940 సెప్టెంబరులో జర్మన్ విమానాలు రాత్రుళ్లు బాంబులు వేయడం మొదలుపెట్టాయి. జనం నేలమాళిగల్లో, రక్షణ స్థలాల్లో రాత్రంతా మడత కుర్చీల్లో కూర్చొనే నిద్రపోయేవారు. కీత్ సింప్సన్ అనే శవపరీక్షల నిపుణుడు ఆ ఏడాది చివర ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డంపడి పోయినవారు అంతకుముందటేడు అవే నెలలతో పోలిస్తే ఆరు రెట్లయ్యారన్నాడు. వారిలో ఎక్కువమంది ఆ రక్షణ స్థలాల్లో కూర్చున్నవారే. కుర్చీ ముందు కర్ర తొడ వెనక భాగాన్ని నొక్కుతుంది, కాలి రక్తం పైకి ఎక్కదు. కుర్చీలు తీసి పడుకునే బల్లలు వేయమన్నాడు. వేశారు, ఆ మరణాలు తగ్గాయి. చూసే మనిషి అతనే, చూసే కత్తి అదే, మారింది జనం కూర్చున్న తీరు. అది నిజమైన పెరుగుదల.

రెండోది అమెరికా, 1998. దీని మీద కొంచెంసేపు నిలబడతాను, ఎందుకంటే ఇవ్వాళ మన నంద్యాలలో, కర్నూలులో జరుగుతున్నది దీనికి తమ్ముడే. అంతకుముందు ఈ జబ్బును తేల్చడం కష్టం. ఊపిరితిత్తుల రక్తనాళంలోకి గొట్టం పంపి ఎక్స్‌రే తీయాలి. లేదా రేడియోధార్మిక మందుతో మరో రకం పరీక్ష చేయాలి, దాని ఫలితం సగం సందర్భాల్లో అటూ ఇటూ కాకుండా వచ్చేది. 1992లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో మార్టిన్ రెమీ-జార్డాన్ బృందం, తిరుగుతూ బొమ్మ తీసే సీటీ స్కాన్‌తో గడ్డను నేరుగా చూడవచ్చని చూపింది. 1998 నుంచి అమెరికా ఆసుపత్రుల్లో అది మామూలైపోయింది. చేతికి మందు ఎక్కించి, నిమిషాల్లో బొమ్మ.

ఫలితం చూడండి. అమెరికాలో లక్షమంది పెద్దవాళ్లలో ఏటా ఎందరికి ఈ జబ్బు అని రాశారన్నది 1993లో 58.8, 1998లో 62.3. అంటే దాదాపు కదల్లేదు. తర్వాత 2006 నాటికి 112.3. ఎనిమిదేళ్లలో ఎనభై శాతం! తిండి ఒక్కసారిగా మారలేదు, బాంబులు పడలేదు. మారింది స్కాన్. మరి మరణాలు? లక్షకు 12.3 నుంచి 11.9కి దిగాయి, అంతే. జబ్బు నిజంగా అంతగా పెరిగి ఉంటే మరణాలు కూడా ఎంతో కొంత పెరగాలి. లేదా వైద్యం అద్భుతంగా మెరుగై బోలెడుమంది బతికి ఉంటే మరణాలు బాగా తగ్గాలి. రెండూ జరగలేదు. ఈ లెక్క తీసిన వీనర్, ష్వార్ట్జ్, వొలోషిన్ 2011లో తేల్చిందేమంటే, కొత్తగా దొరికినవాటిలో చాలావరకు చిన్న చిన్న గడ్డలు, వాటంతటవే కరిగిపోయేవి, మనిషిని ఏమీ చేయనివి. కానీ ఒకసారి బొమ్మలో కనిపించాక ఏ డాక్టరు ఊరుకుంటాడు? రక్తం పలచబడే మందు ఇస్తాడు. ఆ మందుతో వచ్చిన రక్తస్రావాల లెక్క కూడా లక్షకు 3.1 నుంచి 5.3కు పెరిగింది.

ఇక్కడొక తమాషా కూడా ఉంది. ‘ఈ జబ్బు వచ్చినవారిలో చచ్చిపోయేవారు 12.1 శాతం నుంచి 7.8 శాతానికి తగ్గారు’ అని అదే కాలంలో చెప్పుకున్నారు. వినడానికి గొప్పగా ఉంది. చావనవసరంలేని చిన్న గడ్డలవాళ్లను కింద అంకెలో కలిపితే శాతం దానంతటదే తగ్గుతుంది. ఎన్నికల్లో పోలింగ్ శాతం చూసినంత జాగ్రత్తగా ఇలాంటి శాతాలను కూడా చూడమని మా విద్యార్థులకు చెప్తుంటాను. 

అయితే వైద్యం వల్ల ఏమీ ఒరగలేదని అనుకోకండి. 1960లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ ఒక చిన్న పరీక్ష చేశారు. రక్తం పలచబడే మందు హెపారిన్ ఇవ్వని 19 మంది రోగుల్లో ఐదుగురు గడ్డ వల్లనే పోయారు. ఇచ్చిన 16 మందిలో గడ్డ వల్ల పోయినవారు ఒక్కరూ లేరు. ఇక మందు ఇవ్వకుండా ఉంచడం పాపమని అక్కడితో ఆపేశారు. ఆ హెపారిన్ ఇవ్వాళ మన హైదరాబాదులోనే పెద్దయెత్తున తయారవుతోంది. పీవీఎన్ రాజు 1978లో పెట్టిన గ్లాండ్ ఫార్మా పేరు తెచ్చుకున్నది దాంతోనే. యూరప్‌లో ఈ జబ్బు మరణాలు 2000లో లక్షకు 12.8 ఉంటే 2015 నాటికి 6.5కు దిగాయి. ఇది శాతాల గారడీ కాదు, జనాభాలో చనిపోయినవారి లెక్క. అమెరికాలో కూడా 1999 నుంచి 2008 దాకా తగ్గి, ఆ తర్వాత మెల్లగా మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. అక్కడ ఊబకాయం పెరగడాన్ని చాలామంది ఒక కారణంగా చూస్తారు.

ఇక మన దేశానికి వద్దాం. నేను చదువుకునే రోజుల్లో ఒక మాట పాఠంలా చెప్పేవారు: ‘ఇది తెల్లవాళ్ల జబ్బు. మనకు రాదు.’ అందులో కొంత నిజం లేకపోలేదు. యూరప్ జాతుల్లో గడ్డకట్టే గుణాన్ని పెంచే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యు మార్పు మనలో అరుదు. కానీ ‘రాదు’ అన్నాక వెతకం, వెతకకపోతే దొరకదు, దొరకదు గనుక రాదు. ఈ గుండ్రంలో మనం చాలా ఏళ్లు తిరిగాం. దీన్ని చెదరగొట్టింది చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి శవపరీక్షల గది. అక్కడ మెడికల్ వార్డుల్లో పోయిన వెయ్యిమంది పెద్దవాళ్ల శరీరాలు కోసి చూస్తే 159 మంది ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. 2008లో అచ్చయిన లెక్క అది. రాని జబ్బు వెయ్యికి నూట యాభై తొమ్మిదిమందికి వచ్చిందన్నమాట.

రాయలసీమవాళ్లం జబ్బు ముదిరితే చూసేది వేలూరు వైపు. ఆ వేలూరు సీఎంసీ కూడా 1996 నుంచి 2005 దాకా తమ రికార్డులు తిరగేసింది. కాలి సిరలో గడ్డ పదివేల చేరికలకు పదిహేడు పైచిలుకు తేలింది. వారిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఆపరేషన్ లేనివారే. అంటే సర్జన్లకే ఈ బెడద అనుకున్నది కూడా తప్పే. తర్వాత ముప్ఫై రెండు దేశాల్లో ఒకేసారి వార్డువార్డు తిరిగి తీసిన ఎండార్స్ అనే లెక్క వచ్చింది. అందులోని భారతదేశపు భాగాన్ని 2012లో అచ్చు వేయించినవారిలో ముందున్నది హైదరాబాదు నిమ్స్‌లో అప్పటి రక్తనాళాల సర్జన్ డాక్టర్ పింజల రామకృష్ణ. పది ఆసుపత్రుల్లో 2,058 మంది రోగులు. వారిలో 53.6 శాతానికి గడ్డ వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని ఆపడానికి ఇవ్వాల్సిన మందో, కట్టో అందినవారు మాత్రం 17.4 శాతం.

కాలంతో పాటు ఈ జబ్బు ముఖం నిజంగా ఎలా మారుతుందో చూపే లెక్క మన తెలుగు నేల మీదే ఒకటుంది. అది ఊపిరితిత్తులది కాదు, మెదడు సిరల్లో గడ్డది. కానీ రెండూ ఒకే కుటుంబం, మూలకారణాలు చాలావరకు ఒకటే. మన దేశంలో ఈ మెదడు గడ్డను చాలాకాలం బాలింత జబ్బుగానే చూశారు. కాన్పయిన పది పదిహేను రోజులకు తలనొప్పి, ఫిట్సు, పక్షవాతం. పచ్చి బాలింతరాలిని గదిలోంచి కదలనివ్వకపోవడం, నీళ్లు కొలిచి పోయడం, ఇంటి కాన్పులో వచ్చే చీము జ్వరం, రక్తహీనత, అన్నీ కలిసి రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచేవి. మన పథ్యం గురించి అందరి ముందు ఇంకా ఎక్కువ మాట్లాడితే పెద్దవాళ్లకు కోపం వస్తుంది గానీ, నీళ్ల విషయంలో మాత్రం అది తప్పే. దాహం వేసిన తల్లికి నీళ్లివ్వాలి.

నిమ్స్‌లో అప్పట్లో నాడీ వైద్యుడిగా ఉన్న డాక్టర్ సుభాష్ కౌల్ బృందం 2002 నుంచి 2010 దాకా ఇలాంటి 428 మందిని ఒక రిజిస్టర్‌లో నమోదు చేసింది. అందులో బాలింతలు 9.8 శాతమే! సగంకన్నా ఎక్కువ, 53.7 శాతం, మగవాళ్లు. సగటు వయసు ముప్ఫై ఒకటి. మద్యం అలవాటు 15.6 శాతంలో, రక్తహీనత 18.4 శాతంలో, గర్భనిరోధక మాత్రలు 11.4 శాతంలో. ఒక తరంలో జబ్బు బాలింత గదిలోంచి బయటికి నడిచి వచ్చి బార్ల వైపు, మందుల షాపు వైపు తిరిగింది. ఇక్కడ కూడా చూపు పెరిగిన మాట నిజమే, ఎంఆర్ఐ వచ్చింది. కానీ ఎంఆర్ఐకి ఆడా మగా తేడా లేదు కదా. బాలింతల వాటా పడిపోవడానికి చూపు ఒక్కటే కారణం కాకపోవచ్చు, కాన్పులు ఆసుపత్రికి మారడం కూడా కారణమై ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 96.5 శాతం ఆసుపత్రుల్లోనే జరిగాయి.

మందుల షాపు అన్నాను గనుక ఒక మాట. పెళ్లికో, తిరుమలకో, అహోబిలానికో వెళ్లేముందు నెలసరి వాయిదా వేయడానికి మన ఆడపిల్లలు మాత్రలు మింగుతారు. షాపులో అడిగితే ఇచ్చేస్తారు. చాలామందికి ఏమీ కాదు. కానీ ఇంట్లో ఎవరికైనా ముందు గడ్డ వచ్చి ఉంటే, బరువు ఎక్కువుంటే, ఈమధ్యే ఆపరేషన్ అయి ఉంటే, డాక్టరును అడగకుండా ఆ మాత్ర వేసుకోకూడదు. అమ్మా, ఈ మాట ఇంట్లో పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు టీకా సంగతి. ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు, అందుకే నేనే ఎత్తుతున్నాను. కోవిడ్ జబ్బే గడ్డల జబ్బు. 2020లో నెదర్లాండ్స్‌లో ఐసీయూలో ఉన్న 184 మంది కోవిడ్ రోగుల్లో, మందు ఇస్తున్నా కూడా 31 శాతానికి గడ్డల ఇబ్బంది వచ్చింది, వాటిలో ఎక్కువ ఊపిరితిత్తులవే. టీకా గడ్డ వేరే రకం, చాలా అరుదైనది. 2021 మేలో టీకా దుష్ఫలితాలను చూసే మన కేంద్ర కమిటీ చెప్పిన లెక్క: కోవిషీల్డ్ తర్వాత గడ్డగా అనుమానించదగినవి 26, పది లక్షల డోసులకు 0.61. అదే ప్రకటనలో బ్రిటన్ లెక్క పది లక్షలకు నాలుగు, జర్మనీ లెక్క పది. టీకా ఒక్కటే, మూడు దేశాలు, మూడు అంకెలు! మన శరీరాలు కొంత వేరు కావచ్చు, నిజమే. కానీ జర్మనీలో టీకా తర్వాత తలనొప్పి వచ్చిన అమ్మాయికి ఆ సాయంత్రమే స్కాన్ అవుతుంది, ప్లేట్‌లెట్ లెక్క అవుతుంది. మన పల్లెలో తలనొప్పికి అమృతాంజనం రాస్తారు. 0.61ను నేను టీకా నిర్దోషి అనడానికీ వాడను, దోషి అనడానికీ వాడను. మన చూపు ఎంతుందో చెప్పే అంకె కూడా అది.

ఆ చూపు ఎంత మసకగా ఉందో చెప్పాలంటే చావుల లెక్క చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఊళ్లో చావు రాసిన చిట్టాలో కారణాలు కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, గాయాలు, మిగిలినవన్నీ ‘ఇతరాలు’. గడ్డ ఎక్కడుండేది? ఇతరాల్లో. ఇప్పటి సంగతి: 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 22.5 శాతం. మిగతావాటికి కారణం ఇంటివాళ్ల నోటిమాటే. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003–04లో ఒక బృందం చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లి, లక్షణాలు అడిగి కారణం రాసింది. 1,354 చావుల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులే అని తేలింది. అప్పటిదాకా పల్లెల్లో అంటురోగాలే అనుకున్నవారి కళ్లు తెరిపించిన పని అది. కానీ ‘ఉన్నట్టుండి ఆయాసం వచ్చి పడిపోయాడు’ అని తల్లి చెప్తే, అది గుండె నాళం మూసుకుపోవడమా, ఊపిరితిత్తి నాళం మూసుకుపోవడమా అన్నది ఏ ప్రశ్నాపత్రమూ తేల్చలేదు. ఆ మూడో వంతులో గడ్డలూ కలిసే ఉంటాయి.

ఇప్పటిదాకా ఏళ్ల లెక్క చూశాం గానీ, కాలం అంటే ఏళ్లే కాదు, ఒక మనిషి జీవితంలో వారాలు కూడా. బ్రిటన్‌లో తొమ్మిదిన్నర లక్షలమంది నడివయసు ఆడవాళ్లను గమనించిన లెక్కలో, ఆసుపత్రిలో ఉండి ఆపరేషన్ చేయించుకున్న 140 మందిలో ఒకరికి పన్నెండు వారాల్లోపు కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ వచ్చింది. మోకీలు, తుంటికీలు మార్చినవారిలో 45కు ఒకరు. ఆపరేషన్ లేనివారిలో అంతే కాలంలో 6,200కు ఒకరు. ప్రమాదం ఉచ్చస్థితికి వచ్చేది ఎప్పుడో తెలుసా? మూడో వారంలో. అంటే కుట్లు విప్పి, హైదరాబాదు నుంచో కర్నూలు నుంచో ఇంటికొచ్చి, చుట్టాలు పండ్లు తెచ్చి పలకరించిపోయాక. సర్జన్ ఆ పిక్కను చూడడు, ఇంటివాళ్లకు తెలియదు. పడిపోతే ‘ఆపరేషన్ బాగానే అయింది, గుండె ఆగింది’ అంటారు.

ప్రయాణాల గురించి ఎక్కువ భయపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణంతో ప్రమాదం రెట్టింపవుతుంది. విమానమైనా, బస్సయినా, రైలైనా. రెట్టింపయినా ఆరువేలమందికి ఒకరే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే చాలు. మోకీలు మార్చిన నెలలోనే విమానం ఎక్కకుంటే మరీ మంచిది.

మరి నిర్వాహకుల ప్రశ్నకు నా జవాబేమిటి? కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ మాట ఎక్కువ వినబడడానికి పెద్ద కారణం స్కాన్ దగ్గరికి రావడమేనని నా అభిప్రాయం. కానీ అదొక్కటే కాదు. ముందు చెప్పిన 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతానికి బరువు ఎక్కువ. కాన్పుల్లో 42.4 శాతం కోతలే. మోకీలు ఆపరేషన్లు మామూలైపోయాయి, క్యాన్సర్‌తో ఎక్కువకాలం బతుకుతున్నారు. వీటిలో ప్రతి ఒక్కటీ గడ్డకు కారణమే. కాబట్టి కొంత నిజమైన పెరుగుదల ఉంది. ఎంత అన్నది తేలాలంటే మనమే లెక్కపెట్టాలి.

అందుకు పెద్ద డబ్బు అక్కర్లేదు. 2023లో నంద్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి పిల్లలు ఒక చిన్న పుస్తకం పెట్టుకోవచ్చు: ఏడాదిలో ఛాతీ సీటీ ఎందరికి తీశారు, ఎందరిలో గడ్డ దొరికింది, పెద్ద నాళంలోనా చివరి కొమ్మల్లోనా, ఎందరు పోయారు. తీసిన స్కాన్ల లెక్క పక్కన లేకుండా దొరికిన గడ్డల లెక్క మాత్రం రాయొద్దు, అది అమెరికా చేసిన తప్పు. ఇంకొకటి మీ చేతుల్లో ఉంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో వచ్చిన సవరణ ప్రకారం, ఆసుపత్రిలో మరణిస్తే కారణం రాసిన చీటీ దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. అందులో ఉత్తగా ‘గుండె ఆగింది’ అని ఉంటే, ఎందుకు ఆగిందని అడగండి.

ఇంట్లో ఆపరేషనో కాన్పో అయినవారు ఉంటే, మొదటి ఆరు వారాలు రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి లావై, నొక్కితే నొప్పి ఉంటే రుద్దవద్దు, నూనె పెట్టి అసలు మర్దన చేయవద్దు, అదే రోజు చూపించండి. ఆయాసం కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి.

భోజనాల వేళ అయింది. కాళ్ల వాపు సంగతి విడిగా అడగదలచినవారు రావచ్చు, నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.